వాగునీటి చిరుప్రాణులు

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెను. అట్టి విపత్తు మరల రాకుండ, ఇంజనీరు విశ్వేశ్వరయ్య సూచనపై మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. చేవెళ్ళ, మొయినాబాదుల వాననీరు వాగుల గుండా ఈ జలాశయములను చేరును.

వాగులలో వెన్నెముక లేని చిన్న ప్రాణులెన్నో కలవు. ఆల్చిప్ప నీటిని వడగట్టి ఆహారము గ్రహించును. నత్త నాచును గీకి తినును. తూనీగ పిల్లపురుగు దోమపిల్లలను భక్షించును. మురుగు చేరినచో నీటిలో ప్రాణవాయువు తగ్గి, సున్నితమైన ప్రాణులు నశించును. రక్తములో హిమోగ్లోబిన్ గల ఎర్రపురుగుల వంటివే తాళుకొనును.

జలాశయముల రక్షణకై 1996లో 111వ ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామములలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించెను. 2022లో ఆ ఆంక్షలు తొలగింపబడినవి. ఇకపై మురుగు పెరిగినచో ముందుగా తెలుపునవి ఈ ప్రాణులే. వాగులోని రాతిని తిప్పి చూచిన విద్యార్థి నీటి స్థితిని గ్రహింపగలడు.