పక్షవాతం తర్వాత ఇంటివద్ద మేధో పునరావాసం

పక్షవాతం వల్ల సన్నగిల్లిన ధ్యాస, జ్ఞాపకశక్తి, మాట, లెక్క, పనులను వరుసగా చక్కబెట్టుకునే నేర్పు వంటి వాటిని ఇంట్లోనే క్రమబద్ధమైన సాధనతో మెరుగుపరచే చికిత్స ఇది. నిపుణులు పద్ధతి నేర్పి, ఫోనులోనో వీడియోలోనో పర్యవేక్షిస్తారు. దీనికి తోడుగా తలపై నుంచి స్వల్ప విద్యుత్తు పంపే విధానం పరిశోధన దశలో ఉంది.

నేపథ్యం

గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణ కారణాలపై జరిగిన అధ్యయనం 2006లో వెలువడింది. మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని, వాటిలో గుండెజబ్బు, పక్షవాతం వాటాలు ఇంచుమించు సమానమని అది తేల్చింది. పక్షవాతం నుంచి బతికి బయటపడినవారి విషయంలో ఇంటిల్లిపాది దృష్టీ చేయి, కాలు మీదే ఉంటుంది. మేధో లోపం కంటికి కనబడదు కాబట్టి దాన్ని మొండితనమనో, ముసలితనమనో అనుకుంటారు.

లక్షణాలు, పరీక్ష

మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి ఎడమవైపు ఉన్నవేవీ గమనానికి రావు. కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమ సగం అలాగే వదిలేస్తారు. ఎడమ భాగం దెబ్బతింటే ఎక్కువగా మాట పోతుంది, లేదా ఎదుటివారి మాట అర్థం కాదు. మందుల వేళలు మరచిపోవడం, చిల్లర లెక్క తప్పడం, మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేయడం ఇతర లక్షణాలు. దిగులు వ్యాధి కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి దాన్ని విడిగా పరీక్షించాలి. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన మేధో పరీక్షల సంపుటి తెలుగుతో కలిపి ఐదు భాషల్లో ఉంది.

హైదరాబాద్ అధ్యయనం

నిమ్స్ ఆసుపత్రిలో 2006-2013 మధ్య నమోదైన 608 మంది పక్షవాత రోగులను సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్ తదితరులు పరిశీలించారు. 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రెండు భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి మేధాశక్తి మామూలుగా ఉంది. ఒకే భాష వచ్చినవారిలో అది 19.6 శాతమే. మాట పోవడంలో మాత్రం ఇరువర్గాలకూ తేడా లేదు. జీవితమంతా మెదడుకు పెట్టిన పని ఆపదలో అక్కరకు వస్తుందనడానికి ఇది బలమైన సూచన.

ఇంటి సాధన

సాధన రోగి పాత జీవితంలోంచి రావాలి. రైతు ధాన్యం బస్తాల లెక్క, గృహిణి వంట సరుకుల జాబితా, వ్యాపారి చిల్లర లెక్క ఇందుకు పనికొస్తాయి. ఎడమవైపు గమనించనివారికి ఆ అంచున రంగు గుర్తు పెట్టి, అక్కడినుంచి చూపు మొదలుపెట్టడం నేర్పుతారు. మందులకు ఫోను అలారం, గోడ క్యాలెండరు వాడతారు. రోగి అలసిపోకుండా, కొద్దిసేపు చొప్పున రోజూ చేయించాలి.

భారమంతా కుటుంబంపై వేయడం సరికాదు. దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగిన 'అటెండ్' పరీక్ష (2017) కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి పునరావాసం చేయించింది. ఆరు నెలలకు మరణం లేదా పరాధీనత ఆ శిక్షణ అందిన, అందని రెండు వర్గాల్లోనూ 47 శాతమే. ఆ శిక్షణ ప్రధానంగా కదలికలు, దైనందిన పనుల గురించినది. ఇంటివారి ప్రేమకు నిపుణుల పర్యవేక్షణ తోడుగా ఉండి తీరాలి.

విద్యుత్ ప్రేరణ

ఉప్పునీటిలో తడిపిన స్పాంజీల్లో ఎలక్ట్రోడ్లను ఉంచి, తలపై పెట్టి, సాధారణంగా 1-2 మిల్లీఆంపియర్ల ఏకముఖ విద్యుత్తును 20 నిమిషాల పాటు పంపుతారు. ఇది నాడీకణాలు స్పందించే తీరును స్వల్పంగా మారుస్తుందని 2000లో జర్మనీలో నిట్షె, పాలుస్ చూపారు. ఇంట్లో వాడేటప్పుడు వీడియో పర్యవేక్షణ ఎలా ఉండాలో 2015లో అమెరికాలో చార్వెట్ బృందం మార్గదర్శకాలు ఇచ్చింది. పక్షవాతం తర్వాత మేధాశక్తి పెరుగుతుందనడానికి ఆధారాలు ఇంకా బలంగా లేవు. చర్మం దురద, ఎరుపు, అరుదుగా కాలిన గాయాలు దుష్ఫలితాలు. మూర్ఛ ఉన్నవారు, పుర్రె ఎముక తీసినవారు, తలలో లోహం ఉన్నవారు వైద్యుడు చెప్పనిదే వాడరాదు. ఆన్‌లైన్‌లో కొని సొంతంగా పెట్టుకోవడం ప్రమాదకరం.

కృష్ణా డెల్టాలో

విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ ఈ ప్రాంతపు పెద్ద ప్రభుత్వ వైద్య కేంద్రాలు. అవనిగడ్డ, నాగాయలంక వంటి దివిసీమ ఊళ్ల నుంచి బలహీనుణ్ణి వారంవారం అక్కడికి తీసుకెళ్లడం కుటుంబానికి కూలి నష్టం, ప్రయాణ ఖర్చు. అందుకే ఈ ప్రాంతానికి ఇంటి పునరావాసం అత్యవసరం. ఆసుపత్రి నుంచి పంపే ముందే తెలుగులో మేధో పరీక్ష, రాతపూర్వక సాధన ప్రణాళిక, తిరిగి చూసే తేదీ అడగడం రోగి హక్కు. కోలుకోవడం తొలి నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాతా కొనసాగుతుంది. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉంచుకుంటూ, పొగాకు మానేస్తే రెండోసారి పక్షవాతం వచ్చే ముప్పు తగ్గుతుంది. సాధనతో తిరిగి వచ్చిన శక్తిని కాపాడేదీ అదే.