ఉయ్యాల కొక్కెం: మా నరసాపురంలో నాలుగు తరాల లెక్క

మా ఇంటి నడవలో దూలానికి రెండు ఇనప కొక్కేలున్నాయి. తాతగారు ఇల్లు కట్టించినప్పుడు ఉయ్యాల కోసమని వేయించారు. మా మామ్మ పదిమందిని కన్నది. పదిమందీ ఆ కొక్కేలకు కట్టిన ఉయ్యాలలోనే ఊగారు. బతికి బట్టకట్టింది మాత్రం ఆరుగురు. మా అమ్మ ఐదుగురిని కన్నది, ఐదుగురమూ దక్కాం. నాకు ఇద్దరు పిల్లలు. మా అమ్మాయికి ఒక్కతే కూతురు, హైదరాబాదులో ఉంటారు. పాప బారసాలకు ఇక్కడికొచ్చినప్పుడు ఉయ్యాల కట్టాం, వారం తిరక్కుండానే విప్పేశాం.

ఇప్పుడు ఆ కొక్కేల్లో ఒకదానికి నైలాను తాడు వేలాడుతోంది. ఎనభై ఆరేళ్ళ మా అమ్మ మంచం మీంచి లేవడానికి దాన్ని పట్టుకుంటుంది. చెయ్యి జారకుండా మూడు చోట్ల ముడులు వేశాను. ఆ ముడులు వేసిన నాకు అరవై ఐదేళ్ళు.

నరసాపురం చరిత్ర అంటే డచ్చి వారి వర్తకం, ఓడలు కట్టిన రేవు, మాధవాయిపాలెం పేరు మీద ఇంగ్లీషు వాళ్ళు 'మడపోలం' అని పిలిచిన బట్ట, ఇవన్నీ చెబుతారు. చెప్పవలసినవే. కానీ ఏ ఇంట్లో ఎందరు పుట్టారు, ఎందరు మిగిలారు, ఎందరు వెళ్ళిపోయారు, ఇంట్లో ఉండిపోయిందెవరు అన్నదీ ఊరి చరిత్రే. ముప్పై నాలుగేళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో హాజరుపట్టీ రాసినవాణ్ణి. ఆ లెక్క రాయడం నా వంతు అనుకుంటున్నాను.

పుట్టినవాళ్ళు నిలవని రోజులు

గోదావరి ఒడ్డున ఉన్నాం కాబట్టి మనది ఎప్పుడూ అన్నపు గిన్నేనని అనుకుంటాం. కానీ 1832-33లో నందన కరువు వచ్చింది. తుపానులూ జ్వరాలూ దానికి తోడయ్యాయి. 1821 నుంచి 1841 వరకు ఇరవై ఏళ్ళలో అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు దిగువకు పారాకే ఈ సీమ మళ్ళీ నిండింది. జనం పెరగడం అనేది మనకు మొదట ఆనకట్ట ఇచ్చిన వరం.

తిండి దొరికింది గాని, జ్వరాన్ని ఆపే మందు ఇంకా రాలేదు. మామ్మ పుట్టింది 1910 ప్రాంతంలో. 1918 ఇన్‌ఫ్లుయెంజా విషజ్వరం ఆమె చిన్నప్పుడే వచ్చింది. 1911కీ 1921కీ మధ్య దేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది కూడా. ఆ తర్వాత ఏ దశాబ్దంలోనూ అలా జరగలేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ళ దగ్గర ఉండేది. అంటే అందరూ ముప్పై రెండుకే పోయారని కాదు. ఐదేళ్ళు నిండకుండా పోయిన పసివాళ్ళు సగటును అంత కిందికి లాగారు.

పిల్లలెందరు మామ్మా అని ఎవరైనా అడిగితే, ఆవిడ పోయిన నలుగురినీ కలిపి వేళ్ళు మడిచేది. "పదిమందినమ్మా" అనేది. ఆ రోజుల్లో పదిమందిని కనడం అమాయకత్వం కాదు. చివరికి నలుగురైనా మిగలాలంటే అంతమందిని కనక తప్పేది కాదు. ముసలితనంలో కాసిన్ని గంజినీళ్ళు పోసేవాళ్ళు కావాలంటే ఆ ఆడదానికి వేరే దారి ఏముంది?

వీధి నిండా పిల్లలు

మా అమ్మ కాలానికి మందు వచ్చింది. మలేరియాకు గోడల మీద డీడీటీ కొట్టారు. మా తరం వాళ్ళ భుజాల మీద మశూచి టీకా మచ్చలు ఇప్పటికీ కనబడతాయి. 1975లో దేశంలో మశూచి చివరి కేసు. అయినా 1970 దశకం మొదట్లో కూడా రాష్ట్రంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో వందమందికి పైగా ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య ఇరవై నాలుగుకు దిగింది.

చావు ముందు తగ్గింది, పుట్టుక వెనకాల తగ్గింది. ఆ రెంటి మధ్య సందులో పుట్టినవాళ్ళం మేము. 1966లో నేను బళ్ళో చేరేసరికి ఒకటో తరగతి గదిలో చోటు చాలక వరండాలో కూర్చోబెట్టారు. అప్పుడు మా ఊరి వయసుల బొమ్మ గీస్తే గాలిగోపురంలా వచ్చేది: అడుగున పసిపిల్లలతో వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, కొనన ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు. వీధికొక మామ్మ ఉంటే ఆవిడ చుట్టూ ఇరవై మంది మనవలం. ముసలివాళ్ళకు సేవ చేసే చేతుల కొరత అంటే ఏమిటో ఆ వీధికి తెలియదు.

గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం, "ఇద్దరు ముద్దు, ముగ్గురు వద్దు" అన్న రాత. ఎమర్జెన్సీలో మగవాళ్ళ ఆపరేషన్ల మాటెత్తితే చాలు, ఊళ్ళు హడలిపోయేవి. ఆ భయం పోలేదు. అందుకే 1977 తర్వాత ఆ నియంత్రణ భారమంతా మెల్లగా ఆడవాళ్ళ మీదికి జరిగింది.

వాళ్ళు చేసిన మార్పు

మా ఇంటావిడకు రెండో కాన్పు 1989లో. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు. మరి నాలుగు నెలలకు నర్సమ్మ వచ్చి మాట్లాడింది, మా ఆవిడ ఆపరేషన్ క్యాంపుకు వెళ్ళింది, పుట్టింట్లో పది రోజులు పడుకుంది, పదకొండో రోజున బిందె ఎత్తింది. మా వీధిలో ఆ రెండు మూడేళ్ళలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే. దాన్ని ఎవరూ గొప్ప పని అనలేదు. "ఆపరేషన్ అయిపోయిందమ్మా" అని ఒక్క మాటతో దాటేశారు.

కానీ ఇదే ఈ రాష్ట్ర చరిత్రలో పెద్ద మలుపు. 1970ల మొదట్లో ఒక్కో తల్లికి సగటున నలుగురైదుగురు పిల్లలుండేవారు. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆ సగటు 2.6కు, 1998-99లో 2.25కు, 2005-06లో 1.8కి దిగింది. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. ఇదంతా జరుగుతున్న 1991లో రాష్ట్రంలో చదువొచ్చిన ఆడవాళ్ళు మూడో వంతు కూడా లేరు. చదువూ సంపదా వచ్చాకే కుటుంబాలు చిన్నవవుతాయని పుస్తకాలు చెబుతాయి. మా వీధి ఆడవాళ్ళు అంతదాకా ఆగలేదు. పిల్లలు దక్కుతున్నారని కళ్ళారా చూశారు. ఐదుగురికి పంచితే ఎకరం ముక్కలైపోవడం చూశారు. ఇద్దరైతే కాన్వెంటులో వేయవచ్చని లెక్క వేసుకున్నారు. 2019-20 సర్వేలో కూడా రాష్ట్రంలో పెళ్ళైన ప్రతి పదిమంది ఆడవాళ్ళలో ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ళ ఆపరేషన్లు వందకు ఒకటి కూడా లేవు.

దాని ఫలితం జనాభా లెక్కల్లో వెంటనే కనబడింది. 2001 నుంచి 2011కి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7.62 కోట్ల నుంచి 8.46 కోట్లకు పెరిగింది. అదే పదేళ్ళలో ఆరేళ్ళ లోపు పిల్లలు మాత్రం కోటికి పైనుంచి కోటి లోపుకు పడిపోయారు. మా పశ్చిమ గోదావరి జిల్లా మొత్తం జనాభా ఆ దశాబ్దంలో నాలుగు శాతం కూడా పెరగలేదు. గోపురం అడుగు సన్నబడి నడుము లావెక్కి, బొమ్మ బానలా మారింది.

రైలెక్కిన వయసు

నడుములో ఉన్నవాళ్ళంటే పనిచేసే వయసువాళ్ళు. సాకవలసిన పిల్లలు తక్కువ, ముసలివాళ్ళు ఇంకా తక్కువ, సంపాదించే చేతులు ఎక్కువ. ఏ దేశానికైనా అలాంటి కాలం ఒక్కసారే వస్తుంది, అదే అదును అంటారు అర్థశాస్త్రం తెలిసినవారు. మా ఊరికీ ఆ అదును వచ్చింది. కానీ ఆ చేతులు పనిచేసింది ఇక్కడ కాదు.

రైలు కట్ట మా ఊళ్ళో ఆగిపోతుంది. ఇక్కడి నుంచి రైలు వెనక్కే పోవాలి. 1949లో వచ్చిన వై.ఎన్. కళాశాలలో చదివినవాళ్ళూ, తర్వాత భీమవరంలో ఇంజనీరింగు చేసినవాళ్ళూ నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్ళారు, అక్కడి నుంచి బెంగళూరు, అమెరికా. చదువు లేని ఇళ్ళలోంచి ఆడవాళ్ళు కువైట్‌కూ మస్కట్‌కూ ఇంటిపనికి వెళ్ళారు. తమ పిల్లల్ని మామ్మల దగ్గర వదిలి ఇంకెవరి పిల్లల్నో పెంచారు. ఆ డబ్బుతో ఇక్కడ మేడలు లేచాయి. మా వీధిలో ఇప్పుడు పద్దెనిమిది ఇళ్ళు. ఐదింటికి తాళాలు. ఏడింటిలో అరవై దాటినవాళ్ళే ఉంటున్నారు. చిన్నపిల్లలున్నవి రెండే.

నాట్ల కాలంలో చేలల్లోకి బెంగాల్ నుంచి కుర్రాళ్ళు దిగుతున్నారు. రొయ్యల చెరువుల దగ్గరా శుద్ధి కర్మాగారాల్లోనూ ఒడియా, హిందీ వినబడుతోంది. మన ఊళ్ళో ఖాళీ అయిన వయసును ఇంకో రాష్ట్రపు వయసు వచ్చి నింపుతోంది. వాళ్ళ ఊళ్ళలోనూ వాళ్ళ కోసం ఎదురుచూసే తల్లులుంటారు కదా అని, వాళ్ళను చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

లేసు సంగతి చెప్పకుండా నరసాపురం కథ పూర్తికాదు. అరుగుల మీద కూర్చుని ఆడవాళ్ళు అల్లిన లేసు సముద్రాలు దాటింది. ఈ పని మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకమే వేశారు. రోజంతా అల్లినా వీళ్ళను పనివాళ్ళుగా కాక ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్ళుగానే లెక్కగట్టారని ఆవిడ ఎత్తి చూపారు. 2024లో మా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చేసరికి అల్లే చేతులకు వయసు వచ్చేసింది. మా పక్కింటి పిన్నిగారికి డెబ్బై రెండు. ఒకప్పుడు ఆ అరుగు మీద ఐదుగురు కూర్చునేవారు. నలుగురు పువ్వులు అల్లుతుంటే అనుభవమున్న ఆవిడ అతుకుపని చేసేది. ఇప్పుడు పువ్వులూ ఆవిడే అల్లుకుని, అతుకూ ఆవిడే వేసుకుంటోంది. సూది కొక్కెంలో దారం పడిందో లేదో కంటితో కాదు, వేలి కొసతో తడిమి చూసుకుంటుంది. ఒకటో తారీకున సచివాలయం నుంచి పింఛను తెచ్చినప్పుడు ఆ వేలే ముద్ర పడదు, అంత అరిగిపోయింది.

ఒకప్పుడు 200 ఉన్న ఆ పింఛను 2024 జూలై నుంచి 4,000 అయింది. అది మందులకూ బియ్యానికీ ఆసరా, కాదనను. కానీ రాత్రి పూట కాలు జారితే లేపే మనిషిని డబ్బు తేదు. మొన్న మా వీధి చివర ఒకాయన పోతే అబ్బాయి విమానం దిగి వచ్చేదాకా మూడు రోజులు ఫ్రీజరు పెట్టెలో ఉంచారు. పాడె మోయడానికి నలుగురు దొరకక పక్క వీధి వాళ్ళను పిలిచాం. వచ్చినవాళ్ళలో ఇద్దరు నాకంటే పెద్దవాళ్ళు.

మనం బాకీపడ్డది

2011లో ఉమ్మడి రాష్ట్రంలో అరవై దాటినవారు పదిమందిలో ఒకరు. 2036 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు ఐదుగురిలో ఒకరు అవుతారని కేంద్రం అంచనా. ముగ్గురు పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనండి అని పెద్దలే చెబుతున్నారు. ముప్పై ఏళ్ళ కిందట వద్దన్న నోరే ఇప్పుడు కావాలంటోంది. అప్పుడు కత్తి కింద పడుకున్నది ఆడవాళ్ళే, ఇప్పుడు కనవలసిందీ ఆడవాళ్ళే. మా మనవరాలి మీద ఆ లెక్క ఎవరూ రుద్దకూడదని నా గట్టి అభిప్రాయం. ఇవాళ పుట్టిన బిడ్డ చేతికి అందిరావడానికి పాతికేళ్ళు పడుతుంది. మా పిన్నిగారికి అంత వ్యవధి లేదు.

దేశం అడిగిన మాట విని, ఇద్దరితో ఆపి, ఆ ఇద్దరినీ చదివించి రైలెక్కించిన తరం ఇది. రాష్ట్రం సంపాదించిన ప్రతి రూపాయిలోనూ వాళ్ళ వాటా ఉంది. వాళ్ళ ముసలితనం వాళ్ళ పిల్లల సొంత సమస్య అని ఊరుకోవడం న్యాయం కాదు.

పెద్ద పథకాలు వచ్చేదాకా ఊరు చేయగలిగినవి ఉన్నాయి. పిల్లలు లేక బళ్ళలో గదులు ఖాళీగా పడి ఉన్నాయి. ఒక గదిలో పగటిపూట పెద్దవాళ్ళు కూర్చునే ఏర్పాటు, మధ్యాహ్నం వేడన్నం, వారానికోసారి రక్తపోటూ చక్కెరా చూసే నర్సమ్మ ఉంటే చాలు. ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండటం ఒక ఉద్యోగమని ఒప్పుకుని, కువైట్‌లో ఆ పనే చేసి వచ్చిన మన ఆడవాళ్ళకు ఇక్కడ మర్యాదైన జీతం ఇస్తే వాళ్ళు మళ్ళీ విమానం ఎక్కనక్కర్లేదు.

దూరాన ఉన్న పిల్లలకు ఒక మాట. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు మీ వీధిలో ప్రతి గడపా తొక్కండి. ఇంట్లో ఎవరున్నారు, వయసెంత, రాత్రి తోడెవరు, ఏ మందు వాడుతున్నారు అని ఒక నోటు పుస్తకంలో రాయండి. మా వీధిలో పదమూడు ఇళ్ళవీ నేను రాశాను. తాళం వేసిన ఐదిళ్ళ వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు మీరే రాయాలి. పుస్తకం మా నడవలో, ఆ కొక్కెం కింది బల్ల మీద ఉంటుంది.