నాటకం కాదు

విజయవాడ. జూలై నెల. బయట ముసురు, గదిలో ఉక్క. రాత్రి పదిన్నరప్పుడు పదకొండేళ్ల పాప మంచంకోడు పట్టుకుని కేక పెట్టింది. "అమ్మా, గది తిరిగిపోతోంది! పట్టుకో!" అమ్మ రెండు చేతులా వాటేసుకుంది. పాప కళ్లు గట్టిగా మూసుకుంది. తిరుగుడు ఆగలేదు. భళ్లున వాంతి చేసుకుంది. గుమ్మంలో నిలబడ్డ నాన్న నెమ్మదిగా అన్నాడు. "రేపు లెక్కల పరీక్ష కదూ?"

ఆ మాట పాప చెవిన పడింది.

వేసవి నుంచీ ఇదే గొడవ. టిఫిన్ తినక నీరసమన్నారు, రక్తం తక్కువన్నారు, కళ్లజోడు పెట్టించారు, నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది, చెవి డాక్టరు వినికిడి పరీక్ష చేయించాడు, ఆఖరికి అప్పు చేసి ఎమ్మారై కూడా తీయించారు. అన్నీ నార్మల్. మరి పిల్ల అబద్ధమాడుతోందా?

"లైటు తీసెయ్యమ్మా... టీవీ కట్టెయ్యమను." హాల్లో టీవీ వినీ వినపడనట్టుంది. స్విచ్చు మీద అమ్మ చెయ్యి ఆగిపోయింది. పార్శ్వపునొప్పి వచ్చినప్పుడల్లా తను అడిగేదీ అదే.

మర్నాడు పిల్లల న్యూరాలజిస్టు ఫైలు తెరవలేదు. కుర్చీ పాప దగ్గరికి జరుపుకున్నాడు. "ఎలా ఉంటుందో నువ్వే చెప్పు తల్లీ."

"నేను కదలను. గదే కదులుద్ది."

"ఎంతసేపు?"

"ఒక సీరియలంత."

"తలనొప్పి వస్తుందా?"

"వేరే రోజుల్లో. కణతలు టకటకా కొట్టుకుంటాయి. ఆడుకుంటే ఇంకా ఎక్కువవుద్ది."

అడుగులో అడుగేయించి నడిపించాడు. తల చటుక్కున పక్కకి తిప్పి కళ్లు చూశాడు. తేడా లేదు. "ఇంట్లో ఎవరికైనా మైగ్రేన్ ఉందా?"

అమ్మ చెయ్యెత్తింది.

"వెస్టిబ్యులర్ మైగ్రేన్," అన్నాడు డాక్టరు. "తలతిరుగుడుగా వచ్చే పార్శ్వపునొప్పి." ఇది స్కానులో కనబడదు, అడిగితేనే బయటపడుతుంది. పిల్లల కోసం తలతిరుగుడు జబ్బులను పరిశోధించే బరానీ సొసైటీ, అంతర్జాతీయ తలనొప్పి సంఘం నిపుణులు 2021లో విడిగా ప్రమాణాలు రాశారు. తిరుగుడు కనీసం 5 సార్లు రావాలి, ఒక్కో విడత 5 నిమిషాల నుంచి 72 గంటల లోపు ఉండాలి, మైగ్రేన్ వచ్చిన చరిత్ర ఉండాలి, సగం విడతల్లోనైనా మైగ్రేన్ లక్షణాలు కనబడాలి. వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేకపోవడం వాటిలో ఒకటి. తలనొప్పి ఒకరోజు, తిరుగుడు ఇంకోరోజు వచ్చేసరికి రెండు జబ్బులనుకుని ఎన్ని ఇళ్లలో పిల్లలు తిట్లు తింటున్నారో!

నాన్న గొంతు తగ్గింది. "పరీక్ష భయం కాదాండీ?"

"భయంతో రావచ్చు. నిద్ర చాలకపోయినా, టిఫిన్ మానేసినా రావచ్చు. నటన మాత్రం కాదండీ."

నాన్న పాప వైపు తిరిగాడు. పాప అప్పటికే ఆయన చెయ్యి పట్టుకుంది.

మీ పిల్లలకీ ఇలా అవుతుంటే డాక్టరుకి చూపించండి. నడక తూలినా, మాట తడబడినా, వినికిడి తగ్గినా, స్పృహ తప్పినా, పొద్దున్నే తలనొప్పితో వాంతులవుతున్నా ఒక్క రోజు కూడా ఆగొద్దు. వెళ్లేటప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్లండి. ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, లైటు ఆపమందా, ఆ రోజు ఎంత నిద్రపోయింది, అన్నీ పిల్ల చెప్పిన మాటల్లోనే రాసి ఉంచండి.