యాకోబు ఇల్లు చేరిన విధము

గల్ఫ్‌లో చనిపోయినవారి పెట్టెతోబాటు ఎంబామింగ్ సర్టిఫికెట్ అని ఒక కాగితం వస్తుంది. నిజామాబాద్ జిల్లాలో ఒక తల్లి దానిని నా చేతికిచ్చి, "అయ్యగారూ, నా కొడుకును ఏం జేసిండ్రు?" అని అడిగింది.

ఆదికాండము 50వ అధ్యాయము చూడండి. తండ్రి శవమును సుగంధ ద్రవ్యములతో సిద్ధపరచుమని యోసేపు వైద్యులకు ఆజ్ఞాపించాడు. మన బైబిలులోని ఈ 'సిద్ధపరచుట'యే ఎంబామింగ్. మాట మృదువైనదే గాని పని కాదు. ఐగుప్తీయులు లోపలి అవయవములు తీసి, నేట్రాన్ అనే ఉప్పులో దేహమును ఆరబెట్టేవారు. యాకోబుకు 40 దినములు పట్టింది. 'మమ్మీ' అన్నది వారి మాట కాదు. నల్లబడిన ఆ దేహములకు తారు పూశారనుకొని తరువాతివారు పెట్టిన పేరు. తారుకు 'మూమియా' అని పేరుండేది.

ఇప్పుడైతే మెడలోనో తొడలోనో ధమని తెరచి ఫార్మాలిన్ కలిపిన ద్రవము ఎక్కిస్తారు, సిర గుండా రక్తము బయటికి పోతుంది. ఫార్మాలిన్ అంటే ఫార్మాల్డిహైడ్ వాయువు కరిగిన నీరు. 1865లో లింకన్ దేహమును వాషింగ్టన్ నుండి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు దాదాపు రెండు వారములు రైలులో తీసుకుపోయారు. అప్పుడూ ధమనిలోకే ఎక్కించారు, మందు మాత్రం వేరు.

ఐగుప్తీయులు మరణము తరువాతి జీవితము కొరకు ఇదంతా చేసేవారు. యాకోబు అడిగినది మక్పేలా గుహలో తన పితరులయొద్ద పాతిపెట్టమని మాత్రమే. కనాను వరకు ఆ దేహము నిలవాలి గదా!

ఆ తల్లికి ఇదంతా చెప్పలేదు. "ఇల్లు చేరేదాకా పాడవకుండా మందు ఎక్కించారమ్మా" అన్నాను. ఆమె కాగితం మడిచి కొంగున ముడివేసుకొని, పెట్టె తెరవమన్నది.