ఓనర్ ఎవరు మేడమ్?

మా హాస్టల్‌కు నెలవారీ సరుకులు వచ్చినరోజు పిల్లలు కూడా ఒక చెయ్యి వేస్తారు. ఈమధ్య జీసీసీ సబ్బుల పెట్టె మోస్తూ ఏడో తరగతి పాప అడిగింది, "ఈ కంపెనీ ఓనర్ ఎవరు మేడమ్?" అని. స్టాక్ రిజిస్టర్ రాస్తున్న నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

నాకూ ఆ ప్రశ్నతో పని పడింది. మా తండాలో వదిన, ఆమెతోపాటు పదకొండు మంది ఆడవాళ్లు ఫేటియా, కాంచళి కుట్టే చేత్తోనే సంచులు, దిండు గలీబులు కుట్టి అమ్మాలనుకుంటున్నారు. సంఘం పెట్టాలా, కంపెనీ పెట్టాలా అని నన్ను అడిగారు. అందుకే పాత చరిత్ర తిరగేశాను.

గిరిజన సహకార సంస్థ 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైంది. అంతకుముందు ఏజెన్సీ సంతల్లో తూకం షావుకారుదే, ధరా షావుకారుదే. ఉప్పు, బట్ట అప్పుగా ఇచ్చి చింతపండు, కుంకుళ్లు, తేనె పట్టుకుపోయేవాడు. వడ్డీకి, భూముల బదలాయింపుకు కళ్లెం వేస్తూ మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది. కానీ సంతలో కొనేవాడు ఇంకొకడు లేనప్పుడు చట్టం ఏం చేస్తుంది? ఆ ఇంకొకడుగా జీసీసీ వచ్చింది. ఒకవైపు అటవీ ఫలసాయం కొంటుంది, మరోవైపు డీఆర్ డిపోల్లో బియ్యం, ఉప్పు అమ్ముతుంది. చేసేది వ్యాపారమే, ఉద్దేశం మాత్రం సేవ. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలుపై దానికి గుత్తాధికారం కూడా దక్కింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే జీసీసీ ఏర్పడింది. షావుకారు పట్టు సడలించిన సంస్థ అది, ఆ మేలు మరవకూడదు. అయితే పేరులో సహకారం ఉన్నా మేనేజింగ్ డైరెక్టర్‌ను నియమించేది ప్రభుత్వమే. తేనె తీసినవాళ్లు ధర చెప్పరు, వింటారు. "మనదే" అని ఆ పాపకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అరకులో ఇంకో దారి తొక్కారు. 1998లో హైదరాబాద్‌లో పుట్టిన నాంది ఫౌండేషన్ లాభాపేక్ష లేని సంస్థ. కాఫీ తోటల్లో రైతులకు సేంద్రియ ఎరువు తయారీ, పండిన పండే కోయడం లాంటివి నేర్పింది. గిరిజన రైతులు 2007లో పరస్పర సహాయ సహకార సంఘంగా ఏర్పడ్డారు. అందుకు 1995 నాటి చట్టం ఉంది, దాని కింద సంఘాన్ని సభ్యులే నడుపుకోవచ్చు. ఆ కాఫీని అమ్మడానికి ఆనంద్ మహీంద్రా, క్రిస్ గోపాలకృష్ణన్, సతీశ్ రెడ్డి లాంటివాళ్ల పెట్టుబడితో ఒక కంపెనీ వచ్చింది. 2017లో పారిస్‌లో, 2021లో బెంగళూరులో దుకాణాలు తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నేర్పేది ఒకరు, పండించేది ఒకరు, అమ్మేది మరొకరు. ఈ ఏర్పాటు నాకు నచ్చింది. విరాళం ఆగిపోయినా కాఫీ ఆగదు. కాకపోతే రైతు సభ్యుడు సంఘంలో, పెట్టుబడిదారు వాటాదారు కంపెనీలో. పారిస్‌లో కప్పు ధర పెరిగితే కొండమీద పండు ధర కూడా పెరగాలని ఏ కాగితంలో రాసుకున్నారన్నదే నేను అడిగే మాట.

ఆ కాగితం ఎంత ముఖ్యమో మన తెలంగాణలోనే చూశాం. 1997లో పాత మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో స్వయం కృషి సంగం సేవాసంస్థగా మొదలై చిన్న అప్పులు ఇచ్చింది. 2005లో ఎస్‌కేఎస్ పేరుతో లాభార్జన కంపెనీ అయింది, 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కెక్కింది. అప్పు తీసుకున్న మహిళల పేరిట ట్రస్టుల్లో వాటాలూ పెట్టారు. అయినా రెండు నెలలు తిరక్కుండానే, సూక్ష్మరుణ కంపెనీల వసూళ్ల ఒత్తిడిపై పల్లెల్లో గగ్గోలు పుట్టి ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. పేరులో స్వయం కృషి ఉన్నంత మాత్రాన పగ్గాలు కృషి చేసినవాళ్ల చేతిలో ఉండవు.

వదిన వాళ్లకు నేను చెప్పింది ఉత్పత్తిదారుల కంపెనీ గురించి. 2002లో కంపెనీల చట్టం సవరించి దీనికి చోటిచ్చారు. ఇందులో ఉత్పత్తి చేసేవాళ్లకే వాటాలు, బయటివాళ్లు కొనలేరు. లాభం తీసుకోవచ్చు, నిర్ణయం మాత్రం కుట్టేవాళ్లదే. శిక్షణకు ఏ సేవాసంస్థ వచ్చినా రానివ్వండి, లెక్కల పుస్తకం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను.

"సంతకాలు ఎవరివి కావాలి?" అని అడిగింది వదిన.

పన్నెండు మందివీ అన్నాను. వాళ్లలో ముగ్గురిది ఇంకా వేలిముద్రే. ఈ వేసవి సెలవుల్లో పలక, బలపం పట్టుకుని తండాకు వెళ్తున్నాను.