గేటు పక్కన క్రిస్మస్ చెట్టు, అడవిలో నిరంపల్లి



సంఘం జాగాలో చెట్లు పెట్టాలని మాట వచ్చింది. చానామంది 'క్రిస్మస్ చెట్టు' అంటా ఉండారు. దాని కత ముందు చెప్పుకొందాము.

మన తళిని తెల్లదొరలు 'లిటిల్ ఇంగ్లండ్' అనిరని మనకు గొప్ప. 1799లో టిప్పు పడిపోయినాక హొసూరు సీమ కుంపిణీ చేతికి పోయింది. వాళ్ల ఊరి చెట్టనే అనుకొని గేటు పక్కన దీన్ని నాటుతాము. అది ఇంగ్లండుదీ కాదు, మనదీ కాదు. పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలెడోనియా. 1774లో కెప్టెన్ కుక్ ఓడ అక్కడికి పోతే, దూరంగా కనిపించేవి చెట్లా, రాతికంబాలా అని ఓడలోనివాళ్లు వాదులాడుకొనిరి. హైదరాలీ వేసిన లాల్‌బాగ్‌లో దాని పెద్ద చెట్లు మనమందరమూ చూసినవే. ఏ దేశంలో పెట్టినా అది భూమధ్యరేఖ వైపుకే వాలుతుందని 2017లో కొలిచి చెప్పిరి. మనకైతే దక్షిణం. మీ గేటు దగ్గరిది చూసుకోండి.

ఈ కులంలో మన దక్షిణాదిలో తనంతట తాను పుట్టింది ఒక్కటే ఉండాది. మలయాళంలో నిరంపల్లి అంటారు. అగస్త్యమలై, పెరియార్ పక్క వానకొండల్లో ఉండాది. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. మేము తమిళ బడిలో ఈ జాతిని 'ఊసియిలై మరం', సూదియాకు చెట్టు అని చదివినాము. దీనికి సూదులే లేవు! ఆకు వెడల్పు, నడి ఈనె ఉండదు. అందుకే చూసినా ఎవరూ దీన్ని దేవదారుకు చుట్టమనుకోరు. కలకత్తా తోటను చూసుకొన్న వాలిచ్ దొర పేరు దీనికి పెట్టినారు.

పెరిగేది మాత్రం నిదానం. మా వయసోళ్లు నాటితే దాని ఎత్తు మనవళ్లే చూడాల. పసిమొక్కకు నీడ కావాల, నేల తడి ఆరకూడదు. తళిలో ఆ కొండలంత వాన లేదు కాబట్టి ఎండాకాలం నీళ్లు మనమే పోయాల. ఇంకొకటి, దీంట్లో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. ఒక ఇంట్లో ఒక్కటి పెడితే విత్తనం రాదు. అందుకే ఇది ఒక ఇంటి పని కాదు, వీధి పని అంటాము. అడవిలో మొక్క పెరికి తెచ్చేది వద్దు, నేరమవుతుంది. నర్సరీల్లో అడుగుదాము.

ఎవరి పెరట్లో మామిడి నీడ, బావి తడి రెండూ ఉండాయో ఇక్కడే రాయండి.