చేనులోంచి సముద్రానికి చేరిన చట్రం

వరి పండే వేళకి మన గోదావరి డెల్టాలో పంటకోత ప్రయోగం చేస్తారు. చేలో ఐదు మీటర్ల చదరానికి తాడు కట్టి, అందులో పైరు కోసి, నూర్చి, తూచి దిగుబడి లెక్కగడతారు. సముద్రపు నాచును కొలిచే చట్రం కూడా ఇలాగే నేల మీదే పుట్టింది.

1898లో అమెరికాలోని నెబ్రాస్కాలో రాస్కో పౌండ్, ఫ్రెడరిక్ క్లెమెంట్స్ అనే ఇద్దరు యువకులకు ఒక అనుమానం వచ్చింది. ఏ మొక్క ఎక్కువ, ఏది తక్కువ అని కంటిచూపుతో చెబితే పొరబడుతున్నామేమోనని. ఐదు మీటర్ల చదరం గీసి, మొక్కల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఆ చదరమే తర్వాత చట్రమై సముద్రపు నాచు దగ్గరికి చేరింది.

నాచు పట్టుకుని పెరగడానికి రాయి కావాలి. గోదావరి తెచ్చేది ఒండ్రు. అందుకే మన తీరంలో నాచుల చదువు విశాఖ రాళ్ళ మీద సాగింది. ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు అక్కడి నాచుల మీద చేసిన అధ్యయనం 1964లో బ్రిటన్ వారి జర్నల్ ఆఫ్ ఎకాలజీలో వచ్చింది.

పున్నమికీ అమావాస్యకీ నీరు బాగా పాటు తీస్తుంది. ఆ కాసేపట్లోనే పై రాయి నుంచి నీటి అంచుదాకా తాడు లాగి, దాని వెంబడి చట్రం పెట్టాలి. అరమీటరు చట్రం చాలు. అసలు పేచీ ఆ తర్వాతే. లోపలి నాచంతా గీకి తూస్తే బరువు కచ్చితంగా తెలుస్తుంది, కానీ రాయి బోడి అవుతుంది. వచ్చే నెల అదే చోటును మళ్ళీ కొలవలేం. ఫొటో తీస్తే పని చప్పున అయిపోతుంది, కానీ సర్గాస్సమ్ అనే నాచు గుబురు కింద ఏముందో కెమెరాకు కనబడదు. చట్రానికి అడ్డంగా నిలువుగా దారాలు కట్టి, ముడుల కింద ఉన్నదే లెక్కపెట్టడం మరో దారి. 1993లో మేగన్ డెథియర్ బృందం ఇలాంటి బిందువుల లెక్కను పరీక్షించింది. అరుదైన జాతులు బిందువుల మధ్య తప్పించుకున్నాయి. చట్రాన్ని గళ్ళుగా విడదీసి చూసిన కంటి అంచనాయే మెరుగని తేలింది. కంటిని నమ్మలేక పుట్టిన చట్రం తొంభై ఐదేళ్ళకు ఆ కంటికే పని అప్పజెప్పింది. నా మటుకు ముందు కన్ను, తోడుగా ఫొటో. గీకడం అవసరమైతేనే, అదీ పక్క రాయి మీద.

రాయి కోసం విశాఖ దాకా వెళ్ళక్కర్లేదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రపు కోతను ఆపడానికి పోసిన బండరాళ్ళు ఇప్పుడు మన గుమ్మంలోనే ఉన్నాయి. కాకినాడ, రాజమండ్రి వృక్షశాస్త్ర విద్యార్థులారా, నాలుగు పైపు ముక్కలతో చట్రం కట్టుకుని ఈ అమావాస్యకు వెళ్ళి చూడండి. ఏ పద్ధతిలో కొలిచారో మాత్రం అంకె పక్కనే రాయండి.